దుప్పటి కింద మనిషి

నీళ్ళ కోసం రోడ్డు మీద కూర్చున్న జనం మీదికి అంబులెన్సు దూసుకుపోయిన సంగతి చదివినవాళ్ళు మరిచిపోయి ఉండరు. సైరన్ విని జనం లేచారు. ఖాళీ డబ్బాలు పక్కకి లాక్కున్నారు. అందరికంటే ముందు లేచినవాడు చెప్పుల కొట్టాయన. బండికి వీపు పెట్టి, రెండు చేతులూ ఊపుతూ, "జరగండి, జరగండి, లోపల ఎవరో ప్రాణం మీద ఉన్నారు" అని దారి చేయించాడు. దారి చేయించినవాణ్నే బండి కొట్టింది, కాలు విరిగింది. దిగిన డ్రైవరు అయ్యో అనలేదు సరికదా, జాకీ రాడ్డు తీసి అడ్డం వచ్చిన కుర్రాడి చెయ్యి విరగ్గొట్టాడు. అప్పుడు జనం వాణ్ని వదల్లేదు. ఆనక పోలీసులు ఎవర్నీ వదల్లేదు. డ్రైవరు మీద ఒక కేసు, అల్లరి మూక అని జనం మీద ఒక కేసు. డ్రైవరు బెయిలు మీద బయట తిరుగుతున్నాడు. జనంలో దొరికినవాళ్ళు ఇంకా లోపలే ఉన్నారు.

ఆ డ్రైవరు అక్క కుట్టుమిషను మీద బతుకుతుంది. వీధిలో అందరికీ ఆమె మిషనక్క. బండి జనం మీదికి పోయిన రోజే ఆమె తండ్రి కూడా పోయాడు. కష్టాలు కట్టకట్టుకుని వస్తాయంటారు, అలాగే వచ్చాయనుకుంది. ఈ రెంటికీ ముడి పెట్టొచ్చని ఆమెకు తట్టలేదు. తట్టినవాళ్ళు పొద్దున్నే గడప తొక్కారు. ఒకడు తమ్ముడు. రెండోవాడు తమ్ముడి లాయరు.

నాన్న కుర్చీ కిటికీ పక్కనే ఉంది. ఆయన పోయాక ఆమె దాన్ని కదపలేదు. ఊపిరి ఆడని జబ్బు పట్టాక ఆయన పడుకుని ఎరగడు. రాత్రీ పగలూ ఆ కుర్చీలోనే, ఒళ్ళో దిండు పెట్టుకుని, దాని మీద గడ్డం ఆనించి కునికేవాడు. వీపు ఆనేచోట అల్లిక గుంటపడింది. లాయరు వచ్చీ రావడంతో ఆ గుంటలోనే కూలబడ్డాడు.

"అందులో..." అంది అక్క.

"పరవాలేదమ్మా, మెత్తగానే ఉంది," అన్నాడు లాయరు.

తమ్ముడు గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. వాడి ముఖం మీది దెబ్బలు మానాయి. కంటి కింద మాత్రం పసుపుపచ్చని మచ్చ మిగిలింది. మిషను కింద పడున్న గుడ్డపీలికొకటి తీసి వేలికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు.

"కాసిని చల్లటి నీళ్ళు ఇప్పిస్తారా అమ్మా," అన్నాడు లాయరు.

ఆమె వంటగదిలోకి వెళ్ళింది. ఫ్రిజ్జు తలుపుకి చుట్టిన ఎలాస్టిక్ ముక్క విప్పింది. ఆ తలుపు సరిగ్గా పడదు. పక్కన పెద్ద సొట్ట. నాన్న ఇంజక్షన్లు పాడైపోతున్నాయి, పాతదైనా ఒక ఫ్రిజ్జు చూడరా అని తమ్ముణ్ని నెలల తరబడి పోరింది. అడిగినన్నాళ్ళూ రానిది, ఇంజక్షను అక్కర్లేకుండా పోయాక వచ్చింది. బెయిలు మీద బయటికొచ్చాక తమ్ముడే ఆటోలో వేసుకొచ్చి దించాడు. "ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చారే" అన్నాడు. సొట్ట గురించి ఆమె అడగలేదు. ఊరికే వచ్చినదానికి పళ్ళు లెక్కపెట్టడం ఎందుకని.

లాయరు నీళ్ళు గుటగుటా తాగాడు. మూతి తుడుచుకోవడానికి బల్ల మీద కత్తిరించి పెట్టిన జాకెట్టు ముక్క అందుకున్నాడు. అది ఎవరిదో, ఎప్పటికి ఇవ్వాలో ఆమెకు తెలుసు. తడిసిన ముక్కను ఆయన మడిచి మళ్ళీ బల్ల మీద పెట్టాడు, మర్యాదగా.

"మీ తమ్ముడి మీద రెండు నేరాలమ్మా. ఒళ్ళు తెలియకుండా బండి నడిపి మనిషిని గుద్దడం ఒకటి. రాడ్డుతో చెయ్యి విరగ్గొట్టడం ఒకటి. రెండూ చేశాడు. నేను కాదనను. చూసినవాళ్ళు వీధి నిండా ఉన్నారు."

"మరి?"

"చట్టం మరీ గుడ్డిది కాదు. ఇల్లు తగలబడుతుంటే పక్కింటి తలుపు బద్దలుకొట్టి నీళ్ళు తెచ్చినవాణ్ని దొంగ అనదు. పెద్ద కీడు తప్పించబోయి చిన్న కీడు చేశాడంటే సర్దుకుంటుంది. బండిలో పోయే ప్రాణం ఉంది. ఆపితే పోతుంది. అందుకని ఆపలేదు. ఇక రాడ్డు సంగతి. తన కోసం ఎత్తలేదు. కదల్లేని రోగి మీదికి మూక వస్తుంటే అడ్డం నిలబడ్డాడు. తన ప్రాణం కాపాడుకోడానికే కాదు, ఎదుటివాడి ప్రాణం కాపాడ్డానికి చెయ్యెత్తినా చట్టం ఒప్పుకుంటుంది. ఒక్క రోగి ఉంటే చాలు, రెండు కేసులూ పండుటాకుల్లా రాలిపోతాయి."

"రోగి ఎవరు?"

లాయరు కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలాడు. అల్లిక కిర్రుమంది. ఆ చప్పుడు ఆమె ఎన్ని రాత్రులు విందో. అది వినపడితే నాన్న మేలుకుని ఉన్నాడని, లేచి మంచినీళ్ళు ఇచ్చేది. ఇప్పుడా చప్పుడు ఇంకొకడి వీపు కింది నుంచి వస్తుంటే ఆమె ఒంటి మీద జెర్రి పాకినట్టయింది.

తమ్ముడు వేలికి పీలిక చుట్టడం ఆపాడు.

"నాన్నా?" అంది ఆమె. గొంతు పెంచలేదు. "మన నాన్నేంట్రా?"

"పోయినాయన ఎటూ పోయాడు కదక్కా," అన్నాడు వాడు నేల చూస్తూ. "బతికున్న నాకు సాయమైతే ఆయన మాత్రం వద్దంటాడా."

"నాన్న ఆ రోజు గడప దాటలేదు."

"దాటలేదని మీరొక్కరే చెప్పగలరు," అన్నాడు లాయరు. "వీధి వీధంతా రోడ్డు మీద కూర్చుంది. డాక్టరు రాలేదు. సాయంత్రం మనుషులు వచ్చేసరికి ఆయన ఇంట్లో ఉన్నాడు, నిజమే. బండిలో పోయినాయన్ని ఇంటికే గదమ్మా తెస్తారు."

ఆ రోజు ఆమె దిండుగలేబులు కుడుతోంది. తెల్లదారం అయిపోయింది. "నాన్నా, గోధుమరంగు వేస్తే కనపడుతుందంటావా?" అని అడిగింది. ఆయన పలకలేదు. పలికే మనిషీ కాదు. తనే వేసుకుని అంచు పూర్తిచేసింది. తర్వాత నీళ్ళు తీసుకెళ్ళి చూస్తే దిండు మీద గడ్డం అలాగే ఉంది. పెదవికి గ్లాసు ఆనించింది. నీళ్ళు దిండు మీదికి కారిపోయాయి. ఎప్పుడు పోయాడో తెలియదు. దారం గురించి తను అడిగింది ఆయన్నో, ఆయన శవాన్నో కూడా తెలియదు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఒంటరిగా దాచుకున్న ఆ కాస్త చావులోకి ఈ చెప్పులకాళ్ళు వచ్చి తొక్కుతున్నాయి.

"మీరు కోర్టులో ఒక్క మాట చెప్పాలి," అన్నాడు లాయరు. "నాన్నకి ఊపిరి అందకపోతే తమ్ముడికి కబురు చేశాను, బండిలో నేనే ఎక్కించి పడుకోబెట్టాను అని."

"మా నాన్న పడుకోడు."

"ఆఁ?"

"పడుకుంటే ఊపిరి ఆడదు. వీధిలో పిల్లలకి కూడా తెలుసు. మీరు కూర్చున్న కుర్చీలోనే కూర్చునే నిద్రపోయేవాడు."

ఇక ఈ మనిషి లేచి వెళ్ళిపోతాడనుకుంది. లాయరు ముఖం వికసించింది. చొక్కా జేబులోంచి కలం తీసి దాని మొన నాలిక మీద తడుపుకున్నాడు.

"చాలా బాగుందమ్మా. అయితే కూర్చోబెట్టే ఎక్కించారు. దారిలో మూక అడ్డం పడింది. ప్రాణం అక్కడే పోయింది. పోయాక పడుకోబెట్టాడు. ఇది నాకు తట్టనే లేదు. ఇలాంటి చిన్న చిన్న నిజాలే అబద్ధానికి కాళ్ళూ చేతులూ ఇస్తాయి. ఇంకేమైనా ఉన్నాయా ఇలాంటివి?"

ఏ నిజం చెప్పినా ఈయన చేతిలో అబద్ధానికి అతుకైపోతోంది. తన బతుకంతా అతుకులేసింది గాని ఇంత రోత అతుకు ఆమె ఎన్నడూ చూడలేదు.

"పడుకోబెట్టడం ఎందుకసలు?" అంది. "కూర్చునే పోయాడనొచ్చుగా."

"అలా కుదరదు. తలుపు తీసి చూసినవాళ్ళున్నారు. స్ట్రెచర్ మీద తెల్లదుప్పటి కప్పి పొడుగ్గా ఏదో ఉందన్నారు. దుప్పటి తీసేలోపే మీవాడు రాడ్డు తీశాడు. తర్వాత కానిస్టేబుల్ వచ్చి చూశాడు. ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుని, శవం ఉంది బాబూ అని తలుపేసి, బండిని ఇంకో డ్రైవరుతో పంపేశాడు. వాసన కూడా వచ్చిందంటాడమ్మా వాడు." లాయరు నవ్వాడు. "పాపం, అబద్ధం కాదు. వాడు నిజంగానే అలా అనుకున్నాడు. కాబట్టి మన దగ్గర శవం ఉంది. ఎవరిదన్నదే లేదు."

"మరి ఆ దుప్పటి కింద ఏముంది?"

తమ్ముడి కళ్ళు వంటగది వైపు ఒక్కసారి వెళ్ళి వచ్చాయి. లాయరు ఆ చూపు పట్టుకున్నాడు. చేతిలో సగం నీళ్ళున్న గ్లాసు చూసుకున్నాడు. గ్లాసు బయట చెమట పట్టి ఉంది. ఆయన దాన్ని నెమ్మదిగా బల్ల మీద పెట్టేసి, గొంతు తగ్గించి తమ్ముణ్ని అడిగాడు.

"అదింకా ఇక్కడే ఉందటయ్యా?"

"ఇవాళే తీసేస్తాను సార్."

"ఇంతకాలం ఏం చేస్తున్నావు? ఎవరైనా చూస్తే?"

"వంటగదిలోకి ఎవరొస్తారు సార్."

మిషనక్క ఒకరి ముఖం నుంచి ఒకరి ముఖానికి చూసింది. లోపల ఫ్రిజ్జు మోటారు గుర్రుమని మొదలైంది. ముసలి ఎద్దు రొప్పినట్టు రొప్పుతుంది అది. ఆమెకు అన్నీ ఒక్కసారే తెలిశాయి. పొడుగు, దుప్పటి, సొట్ట.

"ఫ్రిజ్జా?" అంది.

"నీ కోసమే కదే అక్కా," అన్నాడు తమ్ముడు. ఇప్పుడు మాత్రం తలెత్తాడు. వాడి గొంతులో నిజంగానే నొప్పి ఉంది. అదే ఆమెకు మరీ వెగటేసింది. "నాన్న మందు పాడైపోతోందని పోరింది నువ్వు కాదూ? ఎవరో ఇస్తామంటే డ్యూటీ మధ్యలో పోయి తెచ్చాను."

"సైరన్ ఎందుకు వేశావు?"

"వేస్తే దారిస్తారు."

"ఫ్రిజ్జుకా?"

"అందరూ వేస్తారక్కా. టీ తాగడానికి పోతూ కూడా వేస్తారు. బండి మళ్ళీ డ్యూటీకి అప్పజెప్పాలి గదా."

"దారిచ్చారుగా. దారిచ్చినవాణ్ని ఎందుకు గుద్దావు?"

"తప్పుకుంటాడనుకున్నా."

"బ్రేకు లేదా నీ బండికి?"

వాడు లాయరు వైపు చూశాడు. లాయరు కలం మూత పెడుతున్నాడు, ఈ మాటలు తనవి కావన్నట్టు.

"గట్టిగా వేస్తే జారి పడుతుందక్కా," అన్నాడు తమ్ముడు. "అసలే పాతది. గాజు అరలు. నెమ్మదిగా వేద్దామనుకున్నా. చివరికి వేశాను. సొట్ట పడనే పడింది."

ఆమె పొద్దున లేచి తాగింది అందులో నీళ్ళే. నిన్నటి కూర అందులోనే ఉంది. మనిషి కాలు విరిగినా సరే, గాజు అర విరగకూడదనుకుని తెచ్చిన దాన్లో. అంతకంటే పెద్ద రోత ఇంకొకటుంది. చెప్పుల కొట్టాయన కాలికి ఇనుపచువ్వలు వేసి ఇంటికి పంపేశారు. చీము పట్టి జ్వరం వస్తోంది. ఐసు పెట్టమన్నారు. ఆ సందులో ఐసున్న ఇల్లు ఇదొక్కటే. రోజూ ఆయన భార్య గిన్నె పట్టుకుని వస్తోంది. రోజూ తను గీకి గీకి ఇస్తోంది, పుణ్యం వస్తుందన్నట్టు.

"లోపల ఉన్నవాళ్ళ సంగతేంటి?" అంది చివరికి. "నువ్వు చెప్పించే మాటకి వాళ్ళేమవుతారు?"

దానికి లాయరు బదులిచ్చాడు. "రోగి ఉన్న బండిని ఆపారు, రోగి చనిపోయాడు అంటే వాళ్ళ కేసు ముదురుతుంది. అది వాళ్ళ లాయరు చూసుకుంటాడమ్మా. ఎవరి గోల వాళ్ళది."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. ఈయన నిప్పు అడగడంతో ఆగలేదు. ఆ మంట మీద అన్నం వండుకుంటున్నాడు.

"నేను చెప్పనంటే?"

"మీ ఇష్టం. మీవాడు లోపలికి పోతాడు. ఎన్నాళ్ళకి వస్తాడో నేను మాటివ్వలేను."

"అక్కా," అన్నాడు తమ్ముడు. "అమ్మ పోయాక చంకనేసుకుని పెంచావు. నాకు అమ్మ ముఖం గుర్తు లేదు, నీ ముఖమే గుర్తు. ఆ చేతుల్తోనే నన్ను పట్టిస్తావా?"

అందులో అబద్ధం లేదు. అన్నం తినిపించింది, నోట్లో వేలు పెట్టి చేపముల్లు తీసింది, మొదటి లైసెన్సు ఫొటోకి చొక్కా కుట్టింది. ఆ చొక్కా కాలరు కుదరలేదని వాడు అలిగితే విప్పి మళ్ళీ కుట్టింది. ఎక్కడ కుట్టు తప్పిందో ఆమెకు అంతుపట్టడం లేదు. ఒక్క అబద్ధం ఆడితే వాడు ఇంట్లో ఉంటాడు. ఆడకపోతే ఈ ఇంట్లో ఇక ఆమె ఒక్కతే.

గుమ్మం దగ్గర గిన్నె గాజులకు తగిలిన చప్పుడైంది.

"వదినా, ఉన్నావా?"

చెప్పుల కొట్టాయన భార్య. తమ్ముణ్ని చూసి గడప అవతలే ఆగిపోయింది. ఆమె తిడుతుందేమోనని మిషనక్క చూసింది. తిడితే బాగుండుననిపించింది. ఆమె తిట్టలేదు. గిన్నె గుండెకి అదుముకుని లోపలికి వచ్చి, తమ్ముడి వైపు కాకుండా నేల వైపు చూస్తూ నిలబడింది.

"ఐసుకే వచ్చావా వదినా?"

"ఐసుకీ వచ్చాను." పమిట చెంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆయన రాత్రంతా ఒకటే గోల. కాలు నొప్పి అనడు. లోపలున్న మనిషి బతికాడా, బతికాడా అని. నన్నడిగితే నాకేం తెలుసు. ఎవర్నడిగినా చెప్పరు. నిన్న కొట్టు దగ్గర ఎవరో అనుకుంటుంటే విన్నాను."

"ఏమని?"

"బండిలో ఉన్నది మీ నాన్నేనట."

తమ్ముడు పీలికను మళ్ళీ వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. బిగించి చుట్టాడు. వేలి కొన తెల్లబడింది. అప్పుడర్థమైంది ఆమెకు. తనను అడగడానికి రాకముందే వీళ్ళు ఆ మాట వీధిలో వదిలేశారు.

"నువ్వు ఒక్క మాట అనలేదు వదినా," అంది చెప్పుల కొట్టాయన భార్య. "రోజూ వస్తున్నాను. రోజూ గిన్నె నింపి పంపుతున్నావు. మావాళ్ళు బండికి అడ్డం పడి నీ తండ్రిని పొట్టన పెట్టుకుంటే, నువ్వు మా ఇంటికి ఐసు పంపావు. ఆయనకి ఇంకా చెప్పలేదు నేను. చెబితే ఆ మనిషి బతకడు. అందరినీ జరగమన్నది ఆయనే వదినా. నిజం. కావాలని ఎవరూ ఆపలేదు. ఆయన్ని క్షమించానని నువ్వొకసారి వచ్చి చెబితే..."

ఆమె వంగి మిషనక్క కాళ్ళు అందుకోబోయింది. మిషనక్క వెనక్కి జరిగితే వీపుకి మిషను తగిలింది. ఇంకా వెనక్కి పోవడానికి చోటు లేదు.

కుర్చీ కిర్రుమంది. లాయరు ముందుకు వంగాడు. ఆయన కళ్ళలో తడి లాంటిది కూడా కనిపించింది.

"లేమ్మా, లే. జరిగిందేదో జరిగిపోయింది. ఆవిడ మనసులో పెట్టుకునే మనిషి కాదు. ఇదే మాట నువ్వు కోర్టులో చెప్పగలవా తల్లీ? మావాళ్ళు అడ్డం పడ్డారు అన్నావే, ఆ మాట?"

మిషనక్క వంగి, ఆవిడ భుజాలు పట్టుకుని లేపింది. చేతిలోంచి గిన్నె తీసుకోలేదు. గిన్నె ఉన్న చెయ్యినే పట్టుకుంది.

"లోపలికి రా వదినా. ఐసు ఇవాళ నువ్వే తీసుకుందువుగాని. బండిలో పడుకున్నది ఎవరో చూపిస్తాను."

"అక్కా," అన్నాడు తమ్ముడు.

లాయరు చటుక్కున లేచాడు. "అమ్మా, ఆలోచించుకోండి. ఆనక నా చేతిలో ఏమీ ఉండదు."

ఆమె వినిపించుకోకుండా రెండడుగులు వేసింది. తమ్ముడు ఆమె కంటే ముందు చేరాడు. వంటగది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆ భుజాల వెడల్పు ఆమెకు టేపు లేకుండా తెలుసు. వాడి చేతిలో ఏమీ లేదు. కానీ ఆ చెయ్యి బల్ల మీద పెద్ద కత్తెర పక్కన ఆగింది. రాడ్డు తీసేముందు కూడా ఇలాగే ఆగి ఉంటుంది.

చెప్పుల కొట్టాయన భార్య ఆ చేతిని చూసింది. అయినా మిషనక్క చెయ్యి వదల్లేదు.

"తప్పుకోరా," అంది మిషనక్క. "నా దగ్గర సైరన్ లేదు. అయినా దారివ్వు."

తమ్ముడు దారివ్వలేదు.